ఫెర్రో రాడ్ కొనగానే మంట రాదు

ఫెర్రో రాడ్ (కత్తితో గీకితే నిప్పురవ్వలు రాలే లోహపు కడ్డీ) ఉంటే క్యాంపింగ్‌కి అగ్గిపెట్టె అక్కర్లేదని క్యాంపింగ్ సామాన్ల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. రాడ్ మంచిదే. తడిసినా పనిచేస్తుంది, దాని నిప్పురవ్వల వేడి దాదాపు 3000 డిగ్రీలు ఉంటుంది. కానీ రవ్వ వేరు, మంట వేరు. కొత్త రాడ్ మీద నల్లటి పూత ఉంటుంది, ముందు దాన్ని గీకేయాలి. చాలామంది కత్తిని ముందుకు తోస్తారు, అది వెళ్లి రవ్వ అంటుకోవడానికి పేర్చుకున్న పీచుకు తగిలి అంతా చెదిరిపోతుంది. కత్తి వీపును (పదును లేని వైపును) కదలకుండా పట్టుకుని రాడ్‌నే వెనక్కి లాగాలి. ఆ వీపు అంచు గుండ్రంగా ఉంటే రవ్వలు సరిగ్గా రాలవు.

రవ్వ అంటుకోవడానికి మన దగ్గర ఎండు వెదురును గీకితే వచ్చే సన్నటి పొట్టుకు మించింది లేదని నా అభిప్రాయం. కొబ్బరి పీచయితే అరచేతుల మధ్య బాగా నలిపి నూగులా చేయాలి. వానాకాలంలో రెండూ చెమ్మ పీల్చుకుంటాయి కాబట్టి వాజలీన్ పట్టించిన దూది ఒక డబ్బీలో ఉండాల్సిందే. ఇదంతా ముందు ఇంటి డాబా మీద, తడి చేతులతో ప్రాక్టీస్ చేయండి. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం.

స్లీపింగ్ బ్యాగ్ గురించి ఒక్క మాట. లంబసింగి చలికి కొనేవాళ్లు లేబుల్ మీద ‘కంఫర్ట్’ అంకె, అంటే హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత చూడాలి. ‘ఎక్స్‌ట్రీమ్’ అంటే ప్రాణం నిలిచే హద్దే తప్ప నిద్రపట్టే చలి కాదు. పైగా ఒంటి బరువుకు బ్యాగ్ అడుగు అణిగిపోయి నేల చలి వీపుకు ఎక్కుతుంది, కింద ఫోమ్ మ్యాట్ తప్పనిసరి. వ్యాసంలో మ్యాట్ ఊసే లేదు, దయచేసి చేర్చండి.