నల్లగళ్ళ ముగ్గు

(రాజమహేంద్రవరంలో ఒక పెంకుటింటి వంటగది. ముప్పై ఆరేళ్ళు లెక్కలు చెప్పి 2016లో పదవీ విరమణ చేసిన మాస్టారు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, ఆటకు వెళ్ళిన మనవడి ఆరో తరగతి లెక్కల పుస్తకం తిరగేస్తున్నారు. కామాక్షమ్మ ఫోనును ఉప్పుజాడీకి ఆనించి, పిండి చేతులతో ముట్టుకోలేక మోచేత్తో తెర నొక్కుతున్నారు. మోచేతికి కూడా తెర పలుకుతుందని ఆ ఇంట్లో మొదట కనిపెట్టింది ఆవిడే.)

మాస్టారు: కామాక్షీ, పాఠం పాఠానికీ ఈ నల్లగళ్ళ ముగ్గు ఎవరు వేశారు? చుక్కలకు లెక్క లేదు, గీతలకు పొందిక లేదు.

కామాక్షమ్మ: అది ముగ్గు కాదండీ, క్యూఆర్ కోడ్. దాని మీద ఫోను కెమెరా పెడితే దీక్ష అనే యాప్‌లో ఆ పాఠం వీడియో తెరుచుకుంటుంది. ఆ యాప్ 2017లో వచ్చింది. మీరు దిగిపోయిన తరువాత పుట్టిన వస్తువు కనుక మీ లెక్కలో అది ఇంకా పుట్టలేదు.

మాస్టారు: (ఉత్సాహంగా) అయితే వీడు భిన్నాల పాఠం మీద ఆవకాయ ముక్క పెట్టుకుని తిన్నాడు, గళ్ళ నిండా నూనె మరక. నీ దీక్షకు భంగం కలిగింది!

కామాక్షమ్మ: ఇటు తెండి. (ఫోను చూపిస్తారు. టింగుమని పాఠం తెరుచుకుంటుంది.) చూశారా? మూడు మూలల్లో ఉన్న ఈ పెద్ద గళ్ళను బట్టి, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఏది పైనో ఫోను తెలుసుకుంటుంది. కొన్ని గళ్ళు చెరిగిపోయినా మిగిలినవాటిని బట్టి పూరించుకోవడానికి అదనపు సమాచారం ముందే అందులో కలిపి ఉంచుతారు. గట్టి రకం కోడ్ అయితే సుమారు 30 శాతం పాడైనా చదవగలదు. 1994లో జపాను వాళ్ళు కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసిన గళ్ళకున్న ఓర్పు, ఒక్క మైనస్ గుర్తు మరచిపోయిన పిల్లవాడికి సున్నా వేసిన మీకు ఏనాడైనా కలిగిందా?

మాస్టారు: గణితంలో ఓర్పు ఉండదు, జవాబు ఉంటుంది. అది సరే, నిన్న వీడు వీడియోలో పాఠం చెబుతున్న ఆ అమ్మాయిని రెండింతల వేగంతో పరుగెత్తించాడు. గురువును అలా ఉరికించడం ఏ శాస్త్రంలో ఉంది?

కామాక్షమ్మ: మీ తరగతిలో వెనక బెంచీ పిల్లలు అలా ఉరికించే బొత్తాం కోసమో, వెనక్కి తిప్పే బొత్తాం కోసమో చెక్క మీద గోళ్ళతో గీకేవారు. "ఒకసారి చెబుతాను, చెవులు రిక్కించి వినండి; చెప్పిందే చెప్పను" అని మీరు గర్జిస్తే, అర్థం కానివాడు ఎవరిని అడగాలి?

మాస్టారు: ఒక్కసారే చెబుతానంటేనే శ్రద్ధ పుడుతుంది.

కామాక్షమ్మ: శ్రద్ధ సంగతి నాకు చెప్పకండి. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు కనుక, ఇంటర్ కూడా లేని నేను ప్రవేశపరీక్ష రాసి బి.ఏ.లో చేరగలిగాను. రేడియోలో చరిత్ర పాఠం వస్తుంటే చంకలో పిల్ల, పొయ్యి మీద పాలు. పాలు పొంగాయని లేచి వెళ్ళి దించి వచ్చేలోగా మొఘలు సామ్రాజ్యం పతనమైపోయింది. ఎందుకు పతనమైందో చెప్పేవాళ్ళు లేక ఆ ప్రశ్న వదిలేసి వచ్చాను. ఇప్పుడైతే ఔరంగజేబును నిలబెట్టి, పాలు దించుకుని, చెయ్యి తుడుచుకుని వచ్చి మళ్ళీ నడిపించుకునేదాన్ని.

మాస్టారు: (కొంచెం తగ్గి) నీకు పట్టుదల ఉంది కనుక నువ్వు ఏ యంత్రంతోనైనా చదువుతావు. 2020లో బడులు మూసేసినప్పుడు ఎదురింటి వాళ్ళ సంగతి గుర్తు లేదా? ముగ్గురు పిల్లలకూ కలిపి ఉన్నది ఒకే ఫోను, అది కూడా పొద్దున్నే తండ్రితో పాటు ఆటో ఎక్కి వెళ్ళిపోయేది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేస్తే ఆ చిన్నది మన హాల్లో కూర్చుని చూసేది. చెయ్యి ఎత్తితే టీవీలో మాస్టారు పిలవలేదని నన్ను అడిగింది.

కామాక్షమ్మ: అది మాత్రం నిజమే. ఆ పిల్ల చెయ్యి ఎత్తడం నేనూ చూశాను.

మాస్టారు: (ఒప్పుకోలు దొరకగానే గొంతు పెంచి) ఇంకొకటి కూడా విను. మన వాడు భిన్నాల వీడియో మూడుసార్లు చూసి, అంతా వచ్చేసిందన్నాడు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే నాలుగో వంతే అన్నాడు, మూడు కన్నా నాలుగు పెద్దది కదా అని! చూడడం వేరు, రావడం వేరు. ఎదురుగా మనిషి ఉండి అడిగితే తప్ప రాలేదన్న సంగతి వాడికే తెలియదు.

కామాక్షమ్మ: అందుకే మిమ్మల్ని వాడి పక్కన కూర్చోమంటున్నాను, ఫోను మీద అలగమనడం లేదు. (తెర పైకి జరుపుతూ ఆగిపోతారు.) ఏమండీ, నేను గుడికి వెళ్ళిన నిన్న సాయంత్రం ఈ ఫోనులో "భిన్నాల భాగహారం, తిరగేసి ఎందుకు గుణించాలి" అన్న వీడియోను నాలుగుసార్లు ఎవరు చూశారు? అది కూడా ముప్పావు వేగంతో!

మాస్టారు: (పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని) మనవడు.

కామాక్షమ్మ: వాడు గురువును రెండింతల వేగంతో పరుగెత్తిస్తాడని ఇప్పుడే కదా అన్నారు?

మాస్టారు: (చాలాసేపటికి) ముప్పై ఆరేళ్ళు "తిరగేసి గుణించండి" అన్నానే కాని, ఎందుకో ఒక్క పిల్లవాడికీ చెప్పలేదు. సూత్రం రుజువు చేయగలను. పదకొండేళ్ళ వాడికి ఎలా చెప్పాలో తోచేది కాదు. వీడియోలో ఆ అమ్మాయి ఒక దోసె తీసుకుంది. సగం దోసెలో పావు ముక్కలు ఎన్ని ఉన్నాయని అడిగింది. రెండు. సగాన్ని పావుతో భాగించడమంటే ఇంతే కదా అంది. దోసెకు పావులు నాలుగు కనుక సగాన్ని నాలుగుతో గుణించినా రెండే వస్తుందని చూపించింది. ఇంతవరకు నాకు బాగానే ఉంది. ఆ తరువాత సగం దోసెలో ముప్పావు ముక్కలు ఎన్ని అని అడిగి, ముక్క మొత్తం రాకపోయినా రెండు మూడో వంతులు వచ్చిందంటూ ఏదో కోసింది. ఆ కోత దగ్గర నా చెయ్యి తగిలి అంతా మొదటికి వచ్చింది. ఆవిడ కోసిన చోటికి కాస్త వెనక్కి తీసుకువెళ్ళు.

కామాక్షమ్మ: తెర మీద ఎడమ పక్క రెండుసార్లు తట్టండి, పది సెకన్లు వెనక్కి పోతుంది.

మాస్టారు: (తడతారు. వీడియో ఆగిపోతుంది.) ఎడమ అన్నావా, కుడి అన్నావా? ఇంకొకసారి చెప్పు.

కామాక్షమ్మ: (పిండిలోకి తిరిగి చెయ్యి పెడుతూ) ఒకసారి చెబుతాను, చెవులు రిక్కించి వినండి, చెప్పిందే చెప్పను.