జంతువులన్నీ ఒక్కసారిగా ఊడిపడలేదు: కేంబ్రియన్ ఫార్వర్డ్‌కు జవాబు

"యాభై నాలుగు కోట్ల ఏళ్ళ కిందట, కేంబ్రియన్ యుగంలో జంతువులన్నీ ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యాయి. అంతకుముందు రాళ్ళలో ఏమీ లేదు. ఈనాటి జంతువులన్నీ అప్పుడే పూర్తి రూపంలో ఉన్నాయి. ఒక్క కణం జంతువుగా మారడం అసాధ్యం. డార్వినే ఈ మాట ఒప్పుకున్నాడు." ఇంచుమించు ఇవే మాటలతో ఒక మెసేజ్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. సైన్స్ పదాలు ఉండటంతో చదివినవాళ్ళు నిజమేనేమో అనుకుంటారు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేసింది. పిల్లలకు బడిలో ఆ పాఠం తగ్గి, ఫోన్లో ఈ మెసేజ్ దొరకడం నాకు నిజంగా బాధగా ఉంది. అందుకే దీనిలో ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

"ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యాయి"

కేంబ్రియన్ మొదలు సుమారు 53.9 కోట్ల ఏళ్ళ కిందట. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరపు రాళ్ళలో ఆ హద్దును గుర్తించారు. అక్కడ గుర్తుగా పెట్టుకున్నది ఏ జంతువు శరీరాన్నో కాదు, సముద్రపు అడుగు మట్టిని తొలుచుకుంటూ పోయిన పురుగులాంటి జీవి వదిలిన బొరియను. ఆ తర్వాత చిన్న చిన్న పెంకులు కనిపిస్తాయి. గట్టి కవచమూ కీళ్ళ కాళ్ళూ ఉన్న ట్రైలోబైట్లు అనే సముద్రపు జీవులు వచ్చేది 52.1 కోట్ల ఏళ్ళ దగ్గర. మెత్తటి శరీరాలు కూడా చక్కగా నిలిచిన చైనాలోని చెంగ్‌జియాంగ్ శిలాజాల వయసు 51.8 కోట్లు, కెనడాలోని బర్జెస్ షేల్‌ది 50.8 కోట్లు. బొరియకూ మొదటి ట్రైలోబైట్‌కూ మధ్యే 1.8 కోట్ల ఏళ్ళున్నాయి. మన మనుషుల జాతి పుట్టి దాదాపు 3 లక్షల ఏళ్ళు. అలాంటి కాలాలు అరవై పడతాయి ఆ ఖాళీలో. భూమి వయసుతో పోలిస్తే ఇది వేగమే, కాదనను. కానీ "ఒక్కసారిగా" మాత్రం కాదు.

"అంతకుముందు రాళ్ళలో ఏమీ లేదు"

మెసేజ్ మొత్తం నిలబడింది ఈ మాట మీదే. ఇదే పూర్తిగా తప్పు.

1946లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకరా కొండల్లో రెజ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు రాళ్ళ మీద మెత్తటి జీవుల అచ్చులు దొరికాయి. వాటి వయసు మీద అప్పట్లో అనుమానాలుండేవి. 1957లో ఇంగ్లండ్‌లోని చార్న్‌వుడ్ అడవిలో బండలెక్కుతున్న బడిపిల్లలకు ఆకులాంటి అచ్చు ఒకటి కనబడింది. అది చార్నియా అనే జీవి అచ్చు. ఆ బండలు కేంబ్రియన్ కంటే పాతవని అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి ఇక అనుమానానికి తావు లేకపోయింది.

నన్ను అడిగితే వీటన్నిటికంటే గట్టి సాక్షి కింబరెల్లా. రష్యాలో తెల్ల సముద్రం ఒడ్డున దొరికిన ఈ జీవి వయసు 55.5 కోట్ల ఏళ్ళు. దానికి ముందూ వెనకా ఉన్నాయి, కుడీ ఎడమా ఉన్నాయి. కొన్ని రాళ్ళలో దాని అచ్చు పక్కనే విసనకర్రలా పరుచుకున్న సన్నని గీతల గుంపులున్నాయి. సముద్రపు అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల పొరను గీరుకుంటూ మేసిన గుర్తులవి. అంటే కేంబ్రియన్‌కు కోటిన్నర ఏళ్ళ ముందే గీరి తినే నోరున్న జంతువు ఉంది. అది మెల్లగా కదిలి, తిని, గుర్తులు వదిలి పోయింది.

అదే ప్రాంతంలో దొరికే డికిన్‌సోనియా గుండ్రంగా, చారలతో పరిచిన చాపలా ఉంటుంది. అది జంతువా, ఫంగసా, లైకెనా (ఫంగసూ నాచూ కలిసి బతికేది) అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. 2018లో ఆ శిలాజాల మీద మిగిలిన సేంద్రియ పొరను రసాయనికంగా పరీక్షిస్తే ఎక్కువగా కొలెస్టరాల్ ఆనవాళ్ళే కనబడ్డాయి. ఫంగస్ అయితే కొలెస్టరాల్ బదులు అదే కుటుంబానికి చెందిన వేరే రకం కొవ్వు పదార్థం (స్టెరాల్) ఉండేది. కొలెస్టరాల్ జంతువుల సంతకం. ఇక క్లౌడినా అనే చిన్న గొట్టపు జీవి కేంబ్రియన్‌కు ముందే సున్నపు పెంకు కట్టుకుంది. ఆ గొట్టాల్లో కొన్నిటికి ఎవరో తొలిచిన రంధ్రాలున్నాయి. వేటాడేవాళ్ళూ అప్పటికే ఉన్నారన్నమాట.

మరి ఇంకా కిందికి, అంటే ఇంకా పాత పొరల్లోకి వెళ్తే జంతువులు ఎందుకు దొరకవు? ఇది మన నేల మీదే చూడొచ్చు. బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళు సముద్రపు అడుగున ఏర్పడిన సున్నపురాళ్ళే. ఇళ్ళల్లో, వరండాల్లో ఎన్ని పలకలు పరిచినా వాటిలో ఒక్క గవ్వ గానీ, పెంకు ముక్క గానీ కనబడదు. జంతువులు పెంకులు కట్టుకోకముందు కాలపు సముద్రాలవి. ఇంకా పాతవైన కడప జిల్లా వేంపల్లె రాళ్ళలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి, జంతువులు లేవు. అన్నీ ఒకేసారి వచ్చి ఉంటే ఈ వరస ఉండేది కాదు. ముందు సూక్ష్మజీవులు, తర్వాత మెత్తటి జంతువులు, ఆ తర్వాత బొరియలు, పెంకులు, కీళ్ళకాళ్ళు: ఇదీ రాళ్ళు చూపించే క్రమం.

"ఈ శిలాజాలన్నీ కట్టుకథలు" అనేవాళ్ళకు భీంబేట్కా సంగతి చెప్పాలి. 2021లో మధ్యప్రదేశ్‌లోని ఆ గుహ పైకప్పు మీద డికిన్‌సోనియా దొరికిందని ఒక బృందం ప్రకటించింది. పేపర్లలో పెద్ద వార్త అయింది. 2023లో ఇంకో బృందం వెళ్ళి చూస్తే ఆ "శిలాజం" రాతి నుంచి ఊడిపోతోంది. అది పాతబడిన తేనెపట్టు అని తేల్చారు. మొదటి బృందానికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త కూడా ఆ తప్పును ఒప్పుకున్నారు. ఎడియాకరా, తెల్ల సముద్రం శిలాజాలు ఇలాంటి పరీక్షలన్నిటినీ తట్టుకుని నిలబడినవి.

"ఈనాటి జంతువులన్నీ అప్పుడే ఉన్నాయి"

కేంబ్రియన్ సముద్రంలో కప్ప లేదు, పాము లేదు, కాకి లేదు, ఆవు లేదు. చెంగ్‌జియాంగ్‌లో దొరికిన చేపలాంటి జీవులకు దవడలే లేవు. అప్పుడు కనబడేది వర్గాల స్థాయిలోని మూల నిర్మాణాలు, అవి కూడా చాలావరకు అసంపూర్తిగా.

కీళ్ళకాళ్ళ జీవులనే చూడండి. రొయ్యలు, పీతలు, జెర్రులు, దోమలు అన్నీ ఈ వర్గమే. బర్జెస్ షేల్‌లో దొరికిన హాలుసిజీనియా కొద్ది సెంటీమీటర్ల జీవి. వీపు మీద ముళ్ళు, కింద కీళ్ళు లేని మెత్తటి కాళ్ళు. 1977లో దాన్ని తలకిందులుగా ఊహించి, ముళ్ళ మీద నడిచిందనుకున్నారు. 1991లో చైనా శిలాజాల సాయంతో సరిగ్గా తిప్పారు. దాని గోళ్ళు ఒకదానిలో ఒకటి పెట్టిన పొరలుగా ఉంటాయి. సరిగ్గా అలాంటి గోళ్ళే మెత్తటి కాళ్ళతో పాకే పురుగుల్లాంటి ఈనాటి వెల్వెట్ వార్మ్‌లకు ఉన్నాయి. ఆ జాతి జీవులు మన అరుణాచల్ ప్రదేశ్‌లోని సియాంగ్ లోయలో కూడా ఉన్నాయి. ఇక అనోమలోకారిస్ అనే కేంబ్రియన్ జీవికి వేల కటకాల సంయుక్త నేత్రాలున్నాయి, నోటి ముందు ఎరను పట్టుకునే, కీళ్ళున్న రెండు అవయవాలున్నాయి, కానీ నడవడానికి కీళ్ళకాళ్ళు లేవు. పక్కలకున్న రెక్కల్లాంటి పొరలతో ఈదేది. ట్రైలోబైట్ దగ్గరికొచ్చేసరికి కీళ్ళ కాళ్ళు, గట్టి కవచం రెండూ ఉన్నాయి. ఇవి ఒకదాని నుంచి ఒకటి పుట్టిన తాతా మనవళ్ళని నేను అనడం లేదు. ఒక వర్గం లక్షణాలన్నీ ఒకే మూటలో రాలేదని, ఒక్కో కొమ్మ కొన్ని లక్షణాల దగ్గర విడిపోయిందని మాత్రం ఇవి చూపిస్తున్నాయి.

"ఒక్క కణం జంతువుగా మారడం అసాధ్యం"

జంతువు అంటే చాలా కణాలుండి, వాటికి మొక్కల్లాంటి గోడలు లేకుండా, కొలాజెన్ అనే ప్రొటీన్‌తో అతుక్కుని, ఇతర జీవులను తిని బతికేది. కొయనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు చెరువు నీళ్ళలో, సముద్రంలో ఈనాటికీ ఉన్నాయి. ఒక తోక, దాని చుట్టూ కాలర్. తోక ఆడిస్తే నీళ్ళు కదిలి బాక్టీరియా వచ్చి కాలర్‌కు అంటుకుంటాయి. స్పంజికల లోపలి గోడల్లో ఉన్న కణాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయని 1866 నుంచే తెలుసు. 2008లో వీటిలో ఒకదాని జన్యువులన్నీ చదివితే, జంతు కణాలు ఒకదానికొకటి అతుక్కోవడానికి వాడే కాడెరిన్లు అనే ప్రొటీన్ల జన్యువులు బయటపడ్డాయి. సామాన్లు ముందే ఉన్నాయి. జంతువులు వాటిని కొత్త పనికి పెట్టుకున్నాయి.

"డార్వినే ఒప్పుకున్నాడు"

1859 నాటి "ఆన్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్" పుస్తకంలో, అప్పటికి తెలిసిన అట్టడుగు శిలాజాల కింద ఏమీ దొరకకపోవడం తన వాదానికి పెద్ద చిక్కేనని డార్విన్ దాచకుండా రాశారు. మెసేజ్ అక్కడే ఆగిపోతుంది. తన సిద్ధాంతం నిజమైతే ఆ పొరలకు ముందు చాలా దీర్ఘకాలం గడిచి ఉండాలని, అప్పటి ప్రపంచం జీవులతో కిటకిటలాడి ఉండాలని కూడా ఆ పేజీల్లోనే ఉంది. ఈ రెండో మాటను కింబరెల్లా, డికిన్‌సోనియా, క్లౌడినా నిజం చేశాయి. మీ గ్రూపులో ఈ మెసేజ్ మళ్ళీ వస్తే, పంపినవాళ్ళను ఈ మూడు పేర్ల గురించి ఏమంటారో అడగండి.