అంత తొందరేముంది?

లోకంలో కొందరికి పొద్దుపోదు. పొద్దుపోనప్పుడల్లా ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యం ఒకటి ఉండాలంటారు. ఎక్కడైనా ఒక జాతిని జాతంతా నరికేస్తున్నారని కబురందితే చాలు, 48 గంటల్లో వేలమంది సైనికులు అక్కడ విమానం దిగాలట. ముందే ఎంచుకుని, ముందే జీతాలిచ్చి, ముందే బూట్లు తొడిగి కూర్చోబెట్టిన సైన్యమట. 1948లో సమితి మొదటి ప్రధాన కార్యదర్శి ట్రిగ్వీ లీ ఇలాంటి మాటే ఎత్తాడు. 1993లో సమితి కొలువులోనే తల పండిన బ్రయన్ అర్కార్ట్ మళ్ళీ ఎత్తాడు. 2006లో కొందరు మేధావులు ఖర్చులతో సహా లెక్క కట్టి మరీ ఎత్తారు. ఈ ప్రతిపాదనను నేను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. నీకేం అర్హత ఉందని అడగొచ్చు. ఉద్దానంలో పుట్టినవాణ్ణి, తిత్లీ తుపానును కళ్ళారా చూసినవాణ్ణి, పైగా మా ఊరి విపత్తు కమిటీ కార్యదర్శిని.

ముందు మా కమిటీ సంగతి చెప్పాలి. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊపేసి వెళ్ళాక మాకు జ్ఞానోదయమై, రామమందిరం అరుగు మీద మీటింగు పెట్టాం. చందాలేసి ఒక పవర్ రంపం, ఒక జనరేటరు, నాలుగు మోకులు కొని మందిరం గదిలో పెట్టి తాళం వేద్దామని ఒక కుర్రాడన్నాడు. పెద్దలు నవ్వారు. "ఊల్లో అన్నీ ఉండగా కొనడమేటిరా? ఎవులికున్నది ఆలు అట్టుకొస్తే సరిపోద్ది కాదేటి?" అన్నారు. సరిపోతుందని ఏకగ్రీవంగా తీర్మానించాం. నోటుబుక్కు తెచ్చి, ఎవరు ఏమిస్తారో రాసి సంతకాలు పెట్టించాం. మొత్తం 23 సంతకాలు. ఆ రాత్రి ఊరంతా నిశ్చింతగా నిద్రపోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. వెలుగొచ్చాక చూస్తే, తాతల నాటి జీడిచెట్లు వేళ్ళు ఆకాశానికి చూపిస్తూ పడి ఉన్నాయి. కొబ్బరిచెట్లకు తలలు లేవు. మా వీధి చివరి ఇంటి మీద చెట్టు పడి, వాకిలి మూసుకుపోయింది. లోపల ముసలమ్మ ఉంది. అరుపు వినిపిస్తోంది. నేను వెంటనే రంగంలోకి దిగాను, అంటే నోటుబుక్కు చంకలో పెట్టుకుని బయల్దేరాను.

పవర్ రంపం కాశీబుగ్గలో తోడల్లుడింటికి వెళ్ళింది. ట్రాక్టరుంది, డీజిలు లేదు. జనరేటరాయన మాత్రం మాట తప్పే మనిషి కాదు. "ఇచ్చీడానికి నాకేటి మాస్టారూ, ఒక్క మాట సెప్పండి. ఇది తుపానేనా, ఒట్టి గాలివానా? పుస్తకంలో తుపానుకనే కదా రాసినారు" అన్నాడు. కరెంటు లేదు, టీవీ లేదు, సెల్లులో సిగ్నల్ లేదు. ఇది తుపానేనని రుజువు చెయ్యడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకపోయింది, మా ఇద్దరి కాళ్ళ దగ్గరా ఎగిరొచ్చి పడిన రేకులు తప్ప.

అప్పుడు నాకు ఆయన మీద కోపమొచ్చిన మాట నిజం. తర్వాత ఆఫ్రికాలోని రువాండా సంగతి చదివాక, ఆయన ఎంత గొప్ప దౌత్యవేత్తో అర్థమైంది. 1994 ఏప్రిల్‌లో అక్కడ టుట్సీలనే జాతివాళ్ళను చంపడం మొదలైంది. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది. జూన్ 10న అమెరికా విదేశాంగశాఖ ప్రతినిధి విలేకరుల ముందు నిలబడి, అక్కడ "నరమేధ చర్యలు" జరిగాయని చెప్పింది. నరమేధం అని మాత్రం అనలేదు. ఎన్ని నరమేధ చర్యలు కలిస్తే ఒక నరమేధం అవుతుందండీ అని ఒక విలేకరి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే స్థితిలో తాను లేనంది. ఆ మాట నోట్లోంచి ఊడిపడితే 1948 నాటి ఒప్పందం గుర్తొస్తుంది కదా, నరమేధాన్ని నివారిస్తామని చాలా దేశాలు చేవ్రాలు చేసింది. మా జనరేటరాయనది కూడా అదే జాగ్రత్త.

సంతకాల సంగతీ అంతే. అవసరమైతే మొత్తం 31 వేల మందిని సమితికి పంపుతామని అప్పటికే 19 దేశాలు మాటిచ్చి ఉన్నాయి. మాకంటే నాలుగు సంతకాలు తక్కువే అనుకోండి. సమితి ఆ 19 దేశాలకూ కబురు పెడితే, 19 దేశాలూ రాలేమన్నాయి. ఇంత ఐకమత్యం నేను మా ఊరి కమిటీలో కూడా చూడలేదు.

కబురు ఆలస్యంగా అందిందని ఎవరూ అనడానికి లేదు. రువాండా రాజధాని కిగాలీలోని సమితి దళానికి అధిపతి, కెనడా సైన్యాధికారి రోమియో డలేర్ జనవరి 11నే న్యూయార్కుకు తంతి పంపాడు. ఆయుధాలు దాచారు, టుట్సీల పేర్లు రాసుకుంటున్నారు, ఆ ఆయుధాలు పట్టుకోబోతున్నాను అన్నాడు. వద్దు, అది నీ పరిధిలో లేదన్నారు. పరిధి ముఖ్యం. ఏప్రిల్ 21న, శవాలు వీధుల్లో పడి ఉండగా, భద్రతా మండలి సమావేశమై అక్కడున్న సుమారు రెండున్నర వేల మంది సమితి సైనికులను 270కి తగ్గించాలని తీర్మానించింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వారని మన పెద్దలు ఎగతాళి చేస్తారు. పాపం, వాళ్ళు కనీసం తవ్వారు. ఇక్కడ ఉన్న బావిని పూడ్చారు. మే 17న మళ్ళీ కూర్చుని, కాదు 5,500 మంది కావాలన్నారు. ఆ సైన్యానికి 50 సాయుధ వాహనాలు కావాలని అమెరికాను అడిగారు. అమ్మడమా, అద్దెకివ్వడమా? చక్రాల బండ్లా, గొలుసు బండ్లా? రవాణా ఖర్చు ఎవరిది? పెళ్ళికి టెంటు హౌసువాడితో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. బండ్లు అక్కరకు రాకముందే పెళ్ళి అయిపోయింది.

ఇదంతా చూసి, చూశారా సొంత సైన్యం ఉంటే ఎంత బాగుండేదో అంటారు అమాయకులు. ఉంటే ఏమయ్యేదో నన్ను చెప్పనివ్వండి.

సమితి నియమావళిలో 43వ అధికరణం అని ఒకటుంది. సభ్యదేశాలు తమ సైన్యాలను మండలికి అప్పగించే ఒప్పందాలను "వీలైనంత త్వరగా" చేసుకోవాలని 1945లో రాశారు. ఇంతవరకు ఒక్కటంటే ఒక్క ఒప్పందం కుదరలేదు. ఆ సైన్యాన్ని నడపడానికని ఐదు పెద్ద దేశాల సేనానుల కమిటీ మాత్రం 1946లోనే కూర్చుంది. నడపడానికి సైన్యం లేకపోయినా, రెండు వారాలకోసారి క్రమం తప్పకుండా సమావేశమవుతూనే ఉంది. ఇప్పుడు నిజంగానే సైన్యం వచ్చిపడితే ఆ కమిటీ ప్రశాంతత ఏం కావాలి?

కుర్రకారు దొరకరని నేననను. తెల్లారగట్ల మా రోడ్డు మీదకొచ్చి చూడండి, 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తడానికి ఎంతమంది రొప్పుతుంటారో. శ్రీకాకుళం జిల్లాలో మిలిటరీ మనిషి లేని ఊరు దొరకడం కష్టం. సమితి శాంతిదళాలకు ఎక్కువమందిని పంపే దేశాల్లో మనది ఒకటి. డబ్బు లేదని కూడా అనను. 2024లో ప్రపంచం తన సైన్యాల మీద ఖర్చుపెట్టింది సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లు. శాంతిదళాల ఏడాది బడ్జెట్ అందులో దుమ్ము.

అసలు కష్టం వేరే. సైన్యం లేనప్పుడు "అయ్యో, వెళ్దామనే అనుకున్నాం, సమయానికి మనుషులు దొరకలేదు" అనొచ్చు. బూట్లేసుకుని గుమ్మంలో కూర్చున్న సైన్యం ఉందనుకోండి, వెళ్ళకపోతే వెళ్ళలేదనే చెప్పుకోవాలి. ఒక పెద్దమనిషిని అలాంటి ఇరకాటంలో పెట్టడం ఏం మర్యాద? మందిరం గదిలో రంపం ఉండి ఉంటే, నేనూ నోటుబుక్కు పట్టుకుని వీధులు తిరిగేవాణ్ణి కాదు. రంపం పట్టుకోవాల్సి వచ్చేది. నాకది చేతకాదు.

ఐరోపావాళ్ళు ఈ ఇరకాటాన్ని తెలివిగా దాటారు. 1500 మంది చొప్పున త్వరిత దళాలు తయారుచేసి, 2007 నాటికి పూర్తిగా సిద్ధమన్నారు. ఒక్కసారి కూడా ఎక్కడికీ పంపలేదు. డెన్మార్కు పూనికతో 1996లో పెట్టిన మరో అంతర్జాతీయ దళం ఒకటి రెండు చోట్లకు వెళ్ళింది కూడా. అలా వెళ్ళబట్టే కాబోలు, 2009లో మూసేశారు.

ఇదే వాదన శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ తాగుతూ వినిపిస్తుంటే, పక్కన నిలబడ్డ ఆటో అతను గ్లాసు దించి అడిగాడు, "ఆ సైన్యం ఎవులి మాట ఇంటాది బావూ?"

"భద్రతా మండలి మాట."

"మండల్లో ఐదుగురికి కాదనీ హక్కుంది గదా. ఆ ఐదుగురో, ఆల సుట్టాలో సంపితే ఎవులెల్తారు?"

నా దగ్గర జవాబు లేదు. నరమేధం జరుగుతున్నప్పుడైనా వీటో వాడకండని ఫ్రాన్సు, మెక్సికో 2015 నుంచీ బతిమాలుతున్నాయి. వందకు పైగా దేశాలు సరేనన్నాయి. అమెరికా, రష్యా, చైనా మాత్రం అనలేదు. అతను అంతటితో వదలకుండా, "బోస్నియాలో సైనికులున్నారంట గదా, ఉండి ఏటి సేసినారు?" అన్నాడు. స్రెబ్రెనిత్స గురించి. సమితి "సురక్షిత ప్రాంతం" అని ప్రకటించిన ఊరు. 1995 జూలైలో, డచ్చి శాంతిదళం అక్కడ ఉండగానే, సుమారు 8 వేల మంది మగవాళ్ళనూ కుర్రాళ్ళనూ తీసుకెళ్ళి చంపేశారు. నేను టీ డబ్బులిచ్చి వచ్చేశాను. ఆటోవాళ్ళకు అంతర్జాతీయ వ్యవహారాలు తెలియడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు.

ఆలస్యంగా రావడంలో మాత్రం మా ప్రాంతానికి పాత అనుభవమే ఉంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలి, లోపల ఆడవాళ్ళూ పిల్లలూ అంతమయ్యాకగానీ రాజాం నుంచి తాండ్ర పాపారాయుడు రాలేకపోయాడు. వచ్చి, డేరాలో ఉన్న విజయరామరాజును పొడిచి పగ తీర్చుకున్నాడు. ఇప్పుడు అంత మోటుగా చెయ్యరు. రువాండాలో చంపడం జూలైలో ఆగితే, నవంబరుకల్లా మండలి కోర్టు పెట్టేసింది. ఆ కోర్టు 2015 దాకా నడిచింది. సైన్యానికి దొరకని తీరిక, డబ్బు, భవనాలు, కుర్చీలు దానికి దొరికాయి. క్షమాపణ కూడా తొందరగానే వచ్చిందనాలి. 1998లో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కిగాలీ వెళ్ళి, విమానాశ్రయం దాటకుండానే విచారం వ్యక్తం చేసి వచ్చేశాడు.

ఇంతకీ ముసలమ్మ సంగతి చెప్పలేదు. ఆమె బతికింది. మా పుస్తకంలో పేరు లేని మనిషి ఒకడొచ్చాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. రాసుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదని మీటింగుకు పిలవలేదు. మొలలో కత్తి ఉంది. మూడు గంటలు నరికాడు. కిగాలీలోనూ అలాంటివాడొకడు ఉన్నాడట. సెనెగల్ కెప్టెన్ ఎంబాయ్ జాన్. శాంతిదళం మనిషే, తుపాకీ కూడా లేదు. జీపులో కొద్దిమందిని కూర్చోబెట్టుకుని, దారికాపు పెట్టిన హంతకులతో నవ్వుతూ మాట్లాడుతూ, ఒక్కో విడతా దాటించేవాడు. అలా వందలమంది. మే 31న, అలాంటి దారికాపు దగ్గర నిలబడి ఉండగా, మోర్టారు గుండు పేలి చనిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పవర్ రంపం కాశీబుగ్గ నుంచి వచ్చింది. తెచ్చినాయన చెమట తుడుచుకుంటూ, "ఆలస్యమైపోనాది మాస్టారూ. సైనుకి ఆయిలు కూడా ఎట్టించీసినాను, కొత్తదాన్లాగున్నాది" అన్నాడు. నోటుబుక్కు తీసి, ఆయన పేరుకెదురుగా "పవర్ రంపం, ఒకటి, అందినది" అని రాసి సంతకం పెట్టించుకున్నాను.