సీసం కలిపిన పెట్రోలు గారికి, ఆలస్యంగా ఒక వీడ్కోలు

మహారాజశ్రీ సీసపు పెట్రోలు వారి సముఖానికి,

ఉత్తరాన్ని ‘ఉభయకుశలోపరి’తో మొదలుపెట్టడం మా పెద్దలు నేర్పిన మర్యాద. మీరు కుశలంగా ఉన్నంతకాలం మా కుశలం కుదరదు గనుక ఈసారికి ఆ మాట వదిలేస్తున్నాను.

1921లో అమెరికాలోని జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో, ఇంజిను టకటకా కొట్టుకోకుండా మందు వెదుకుతున్న వారికి మీరు దొరికారు. సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. అందుకే బజారుకెక్కేటప్పుడు ఇంటిపేరు దాచి ‘ఇథైల్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. సంబంధం కుదిర్చే పేరయ్యలకు కూడా ఇంత నేర్పు ఉండదు.

మిమ్మల్ని సాగనంపడంలో మా దేశం చూపిన మర్యాద కొత్తల్లుడికి కూడా దక్కదు. లీటరుకు 0.56 గ్రాముల దాకా ఉన్న తమలోని సీసాన్ని 1994లో నాలుగు మహానగరాల్లో 0.15కు తగ్గించారు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు పట్టుబట్టాక, 1995 ఏప్రిల్ నుంచి ఆ నగరాల్లోనే సీసం లేని పెట్రోలు వచ్చింది, అదీ ముందుగా కొత్త కార్ల కోసం. ఆ కార్ల పొగగొట్టాల్లో, పొగలోని విషాన్ని తగ్గించడానికి బిగించిన క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని ప్లాటినం పూతను మీరు కప్పేసి పనికిరాకుండా చేస్తారట. పిల్లల మెదడు మీద మీ ప్రతాపం గురించి డాక్టర్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నా కదలని దస్త్రం, కారు ఆరోగ్యం పేరు చెప్పగానే లేచి కూర్చుంది.

ఆ నాలుగు నగరాల్లో హైదరాబాదు లేదు. నాన్న స్కూటరు ముందు, హ్యాండిలు పట్టుకుని నిలబడి బడికి వెళ్లిన పిల్లల్లో నేనొకణ్ణి. సిగ్నలు పడితే ముందున్న ఆటో గొట్టం మా వైపే చూస్తూ గుర్రుమనేది; నాన్న జేబురుమాలు తన ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు, నేను ఆ నీలి పొగలో ఎక్కాలు వల్లెవేసేవాణ్ణి. పదమూడో ఎక్కం నాకు ఈనాటికీ సరిగ్గా రాదు. ఆ నేరం మీ మీద రుజువు చేయలేను గానీ, అనుమానం మాత్రం వదులుకోను.

మీరు వెళ్లిపోతే పాత బండ్ల వాల్వు సీట్లు అరిగిపోతాయన్నారు. మీరు లేకుండా ఆక్టేన్, అంటే ఇంజిను కొట్టుకోకుండా ఆపే గుణం, పెంచాలంటే రిఫైనరీల్లో కొత్త యూనిట్లు కట్టాలి, డబ్బెక్కడిదన్నారు. ఆ రెండో మాటలో నిజముంది. డబ్బు నిజంగానే ఖర్చయింది. అయితే 2000 ఫిబ్రవరిలో దేశమంతటా మీ అమ్మకం ఆగిన మర్నాడు కూడా పాత స్కూటర్లు ఎప్పటిలాగే, నాలుగు తన్నులు తన్నాక, కదిలాయి.

2021 జులైలో అల్జీరియా కూడా మానేయడంతో రోడ్ల మీద మీ కథ ముగిసింది. పిస్టన్ ఇంజిన్ల చిన్న విమానాల్లో మాత్రం ఇంకా విహరిస్తున్నారని విన్నాను. స్థాయి పెరిగినందుకు అభినందనలు. కాల్షియం వేషంలో మా ఎముకల్లో చేరిన మీ వాటా దశాబ్దాల పాటు అక్కడే ఉంటుందట. కావున అద్దె, ఖాళీ చేసే తేదీ తెలుపుతూ వెంటనే జవాబు రాయగలరు.

ఇట్లు,
మీ ఇంటి యజమాని