ఇసుక తోలిందా, కాయ తోలిందా? పాత విమానాన్నీ అదే అడగాలి

రావులపాలెంలో సెకండ్ హ్యాండ్ లారీ బేరానికి వెళ్తే మా బావ ముందు ఆర్సీ చూడడు. బండి కింద దూరి ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులున్నాయేమో వేలితో తడుముతాడు. కమాను పట్టీలు లెక్కపెడతాడు. లేచి చేతులు దులుపుకుంటూ ఒకటే అడుగుతాడు: "ఇసుక తోలిందా, కాయ తోలిందా?" ఇసుక తోలిన అయిదేళ్ల బండి కన్నా కొబ్బరికాయ తోలిన పదేళ్ల బండి నయమని ఆయన లెక్క.

అదే బావ మొన్న రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టులో హైదరాబాద్ విమానం ఎక్కబోతూ ప్రొపెల్లర్లు చూసి మొహం చిట్లించాడు. "ఇంకా ఈ ఫ్యాన్ల బండేనా?" మేనల్లుడు ఫోన్‌లో యాప్ తెరిచి అది ఏ ఏడాది తయారైందో చదివాడు. దాంతో ఇంటిల్లిపాదికీ టెన్షన్. లారీ దగ్గరున్న తెలివి విమానం దగ్గరకొచ్చేసరికి ఎటు పోయిందో!

ఆ ఫ్యాన్‌ను తిప్పేది కూడా టర్బైన్ ఇంజనే, అందుకే ఈ రకాన్ని టర్బోప్రాప్ అంటారు. తక్కువ దూరాలకు ఇంధనం తక్కువ తాగుతుంది, పొట్టి రన్‌వే చాలు. మధురపూడి రన్‌వే 1,750 మీటర్లు ఉన్నన్నాళ్లూ మనల్ని మోసింది ప్రధానంగా ఇవే. దాన్ని 3,165 మీటర్లకు పెంచాక, 2024 డిసెంబర్‌లో ముంబైకి, ఢిల్లీకి ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి.

పాత టర్బోప్రాప్ ఎలా బతికిందో దాని లాగ్‌బుక్కుల్లో ఉంటుంది. బాడీకి ఒకటి, ఒక్కో ఇంజనుకు ఒకటి, ప్రొపెల్లర్లకు వేరే. ఎందుకంటే ఓవర్‌హాల్‌కు వెళ్లిన ఇంజన్ తిరిగి అదే విమానానికి రావాలనేం లేదు. ఇరవై ఏళ్లు గడిచేసరికి పుట్టినప్పటి నుంచి ఉన్నది చాలావరకు బాడీ, రెక్కల దూలాలే. వాటి లెక్కలో ఎగిరిన గంటల పక్కనే ఇంకో అంకె ఉంటుంది: ఎన్నిసార్లు ఎక్కి దిగింది. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి బాడీ కొద్దిగా ఉబ్బుతుంది, దిగాక సర్దుకుంటుంది. బైండింగ్ వైరు అటూ ఇటూ వంచితే ఏమవుతుందో తాపీ మేస్త్రీని అడగండి. విమానంలో ఆ పగుళ్లు రివెట్ల చుట్టూ వెంట్రుకవాసి సన్నాన మొదలవుతాయి.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాలిలోనే లేచిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది, మిగతా 94 మంది బతికారు. ఆ విమానం వయసు 19 ఏళ్లు, ఎగిరింది 35,496 గంటలు. ఇవి చూసి ఎవరూ బెదరరు. కానీ 89,680 సార్లు ఎక్కి దిగింది. అంటే సగటున ఒక్కో ప్రయాణం అరగంట కూడా లేదు. పైగా సముద్రపు ఉప్పుగాలి. అంతర్వేదిలో ఇనప గేటు పెట్టించుకున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది జెట్ అయినా, దీవుల మధ్య చేసింది మన టర్బోప్రాప్‌లు చేసే పనే.

ఇప్పుడు ఆవ్రో 748 అనే పాత టర్బోప్రాప్ సంగతి. కాన్పూర్‌లో కూర్చిన మొదటిది 1961 నవంబర్ 1న ఎగిరింది. రెండు రోల్స్ రాయిస్ డార్ట్ ఇంజన్లు, చెవిలో సూది గుచ్చినట్టు కీచుమనేవి. వైమానిక దళం, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ వాడాయి. 1954లో కామెట్ జెట్‌లు ఈ ఒత్తిడి పగుళ్లతోనే గాలిలో ముక్కలయ్యాక గీసిన డిజైన్ ఇది. ఒక భాగం పగిలినా ఆ బరువును పక్క భాగం మోసేలా కట్టారు. గోదావరి దాటించే పంటును రెండు తాళ్లతో కట్టినట్టు. వైమానిక దళం ఆవ్రోల స్థానంలో 56 సీ-295 రవాణా విమానాలకు ఒప్పందం చేసుకుంది 2021లో, అంటే అరవై ఏళ్ల తర్వాత.

అలాగని పాతదంతా బంగారమని నేననను. విడిభాగాలు దొరక్కపోతే ఎంత గట్టి విమానమైనా షెడ్డుకే. కాగితాల్లేని భాగం, కొత్తగా మెరుస్తున్నా, మెకానిక్ దృష్టిలో తుక్కే. నా గొడవల్లా ఒక్కటే: మనకు యాప్‌లో తయారైన ఏడాది చూపిస్తున్నారు, ఎన్నిసార్లు దిగిందో చూపించడం లేదు.

ఇదంతా బావకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే హైదరాబాద్-రాజమండ్రి తిరిగేది ఇసుక బండన్నమాట" అన్నాడు.

"అవును బావా. కాకపోతే ఇసుక తోలడానికే కట్టిన బండి" అన్నాను.