సవరణ: శవమైనం మొత్తం సబ్బు కాదు

తడి నేలలో గాలి తగలకుండా ఉన్న శవంలోని కొవ్వు మైనం లాంటి గట్టి పదార్థంగా మారుతుంది, దాన్నే శవమైనం అంటారు. ఆ కొవ్వంతా సబ్బుగా మారిపోతుందని నిన్న రాశాను, అది తప్పు. ముందు నీరు, మన ఒంట్లోని లైపేజ్ ఎంజైములు, ఆ తర్వాత బాక్టీరియా కలిసి కొవ్వును గ్లిజరాల్‌గా, ఫ్యాటీ ఆమ్లాలుగా విడగొడతాయి. గ్లిజరాల్ నీటిలో కరిగి పోతుంది.

అసలు విషయం ఇక్కడుంది: మన కొవ్వులో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లం మామూలు గది వేడిలో ద్రవమే, కానీ ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియా దానికి నీటి అణువును చేర్చి 10-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లంగా మార్చేస్తాయి, అది గట్టి పదార్థం. పక్కనే ఉన్న పామిటిక్ ఆమ్లం కూడా దాదాపు 63 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు, అందుకే అదంతా మైనంలా బిగుసుకుంటుంది.

సబ్బు లేదని కాదు, సోడియం, కాల్షియం లాంటివి ఆ ఆమ్లాలతో కలిసినంత మేరకే ఏర్పడుతుంది. పాత పోస్టులో ఆ వాక్యం మార్చేశాను.