లెక్కలు రానివారికి ఘన సన్మానం జరగాలి

"స్కూల్లో ఆ ఎక్స్‌లూ వైలూ బట్టీ పట్టించి చంపారు. జీవితంలో ఒక్కరోజైనా పనికొచ్చాయా?" పెళ్లి భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ మాట అనడం, బంతిలో ఉన్నవాళ్లంతా గట్టిగా తలలూపడం మామూలే. ఇలాంటివారిని కొందరు చదువుకున్నవాళ్లు చులకనగా చూస్తున్నారు. ఇది చాలా అన్యాయం. ఘాతాంకాలు, కూడికలు తీసివేతల్లాంటివి ఏ వరసలో చెయ్యాలో చెప్పే బాడ్మాస్, బీజగణితం ఈ మూడింటినీ టెన్త్ పరీక్ష హాల్లోనే వదిలేసి బయటికొచ్చిన పౌరుల మీదే ఈ రాష్ట్రాల్లో సగం వ్యాపారాలు నడుస్తున్నాయి. వారికి తగిన గుర్తింపు దక్కాలని మనవి చేసుకుంటున్నాను.

బంగారం కొట్టుకు పోదాం. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము పదివేలు అనుకోండి. గొలుసు 20 గ్రాములు, తరుగు 12 శాతం. ముందు బరువునూ తరుగునూ బ్రాకెట్లో వేసి, ఆ మొత్తాన్ని రేటుతో హెచ్చిస్తారు: 2,24,000. దానంతటి మీదా 3 శాతం జీఎస్‌టీ 6,720. బిల్లు 2,30,720. అంతా సక్రమమే, దాపరికం లేదు. బ్రాకెట్ లోపల ఒక్క శాతం తరుగు తగ్గితే, జీఎస్‌టీతో కలిపి 2,060 మిగులుతుంది. కానీ మన సన్మానితుడు బ్రాకెట్ లోపలికి చెయ్యి పెట్టడు, అది మర్యాద కాదు. చివరి అంకెల దగ్గర పట్టు పడతాడు. "ఆ 720 తీసేసి రౌండ్ చెయ్యండి, ఎన్నేళ్ల నుంచి వస్తున్నాం!" షాపాయన మొహం చిన్నబుచ్చుకుని, ఇలాగైతే మేం మూసుకోవాల్సిందే అంటూ తీసేస్తాడు. గెలిచిన మనిషి కూల్‌డ్రింక్ తాగి ఇంటికెళతాడు.

ఆషాఢం సేల్ సంగతి అందరికీ తెలిసిందే. 50 శాతం, ఆపైన 20 శాతం అని బోర్డు పెడితే మనం 70 అని చదువుకుంటాం. వెయ్యి రూపాయల చీర ముందు 500 అవుతుంది, ఆ 500లో 20 శాతం పోతే 400. తగ్గింది 60 శాతమే. ఇక ఆ వెయ్యి అన్నది 'అసలు ధర' కదా, అదే బీజగణితంలో ఎక్స్. దాని విలువ కనుగొనే బాధ్యత షాపువాళ్లే తీసుకున్నారు. మనకెందుకు శ్రమ?

అయితే సన్మానాల్లో మొదటి శాలువా మాత్రం ప్రోనోటు రాసిచ్చినవారికే దక్కాలి. లక్ష అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లు దాటితే నోటుకు కాలం చెల్లుతుంది కాబట్టి ఆలోపే పెద్దాయన కబురంపుతాడు. అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగిప్పించి, "వడ్డీ కట్టలేకపోతే ఏం ఫర్వాలేదురా అబ్బాయ్, అసల్లో కలిపేద్దాం" అంటాడు. కొత్త కాగితం, కొత్త రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం. లక్ష కాస్తా 1,72,000 అయింది. ఇంకో మూడేళ్లకు మళ్లీ మజ్జిగ: 2,95,840. ఇంకో మూడేళ్లకు 5,08,845. నోటు తిరగరాసిన ప్రతిసారీ 1.72తో హెచ్చించడమే ఇక్కడ జరిగేది. ఎన్నిసార్లు తిరగరాస్తే ఘాతాంకం అంత. అప్పు తెచ్చిన రోజున తిరగరాయడం సున్నా సార్లు, కాబట్టి 1.72 ఘాతం సున్నా అంటే 1, బాకీ ఒక్క లక్షే. ఏ సంఖ్యకైనా ఘాతం సున్నా అయితే ఒకటి ఎందుకవుతుందని ఎనిమిదో తరగతి పిల్లలు తెగ విసిగిస్తుంటారు. (ఆ సంఖ్య సున్నా కాకూడదు లెండి.) ఒకసారి ఆ అరుగు దగ్గరికి పంపితే సరిపోయేది.

అదే బారువడ్డీ అయితే తొమ్మిదేళ్లకు అసలూ వడ్డీ కలిపి 3,16,000. మిగతా 1,92,845 వడ్డీ మీద వడ్డీ. కానీ మనవాడు ఊళ్లో చెప్పేది వేరు: "తొమ్మిదేళ్లయినా రూపాయి రేటు పెంచలేదండీ. అదే రెండు రూపాయలు. దేవుడు!" ఇంత కృతజ్ఞత చదువుకున్నవాళ్లలో కనబడుతుందా?

గణితం మీద వీరికి ఆసక్తి లేదనుకుంటే పొరపాటు. 2019లో 8÷2(2+2) ఎంత అని ప్రపంచమంతా కొట్టుకుంటే, మన ఫ్యామిలీ గ్రూపులు వెనకబడలేదు. బావగారు 16 అన్నారు, బాబాయి 1 అన్నారు, మధ్యలో పాత ఆస్తి పంపకాలు వచ్చాయి. రాసిన తీరులోనే అస్పష్టత ఉంది, గీత గీసి పైనా కిందా రాస్తే తగువే లేదని ఒక లెక్కల టీచరు చెప్పబోయి గ్రూపులోంచి బయటికెళ్లాల్సి వచ్చింది. 10−4+3 మాత్రం అంత అస్పష్టం కాదు. కూడికకూ తీసివేతకూ ఒకే హోదా, ఎడమ నుంచి వరసగా చేసుకుపోతే 9. అయినా బాడ్మాస్‌లో కూడిక ముందుంది కదా అని ముందు 4+3 కలిపేసి, దాన్ని పదిలోంచి తీసి 3 దగ్గర ఆగినవారున్నారు. జేబులో పదుంటే నాలుగు ఖర్చయి, అమ్మ మూడిచ్చాక ఎంతని అడిగితే మాత్రం వారే ఠక్కున తొమ్మిది అంటారు. జేబుకు బాడ్మాస్ తెలియదు.

పదకొండో శతాబ్దపు పావులూరి మల్లన మనకు కొంత ఇబ్బందికరమైన పూర్వీకుడు. గణితవేత్త మహావీరాచార్యుల సంస్కృత గ్రంథం గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టించుకుంటూ పోతే 64 గళ్లకు అయ్యే మొత్తం, అంటే 2⁶⁴లో ఒకటి తక్కువ, 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల ఈ సంఖ్యను ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. అంకెలకు బదులు మాటలు వాడాడు: శర అంటే 5, శశి అంటే 1, మొదట చెప్పేది ఒకట్ల స్థానం. తెలుగు వైభవం అంటూ ఇలాంటివి మనం రోజూ ఫార్వర్డ్ చేస్తాం. సరిచూసి ఎవరూ పరువు తీయరు.

సన్మాన సభకు తేదీ ఇంకా ఖరారు కాలేదు. ప్రవేశ రుసుము వెయ్యి రూపాయలు, 50 శాతం రాయితీ, ఆపైన 20 శాతం. 400 పంపినవారికి వెనక వరసలో కుర్చీ. 300 పంపినవారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం, తగ్గిన వందకు అక్కడే ప్రోనోటు రాయించుకుంటాం. మజ్జిగ ఏర్పాటు కూడా ఉంది.